చెట్టు మొండిదే, పూతే లేతది

మా నాన్నగారు కడియంలో ముప్ఫై ఏళ్లు అంటు కట్టారు. నర్సరీలో మామిడి, సపోటా, జామ అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని కట్లకి ప్లాస్టిక్ పట్టీలు కోసి ఇవ్వడం నా పని. అలాంటి ఇంట్లో పుట్టిన నేను అమెరికాలో పెట్టిన మొదటి పండ్ల చెట్టు తొమ్మిది నెలలు కూడా బతకలేదు.

2018 మే నెలలో మినియాపాలిస్‌కి పడమటి శివారులో ఇల్లు కొనుక్కున్నాం. పెరడు పెద్దది, దక్షిణం వైపు ఎండ బాగా తగులుతుంది. దగ్గర్లోని దుకాణంలో పీచ్ మొక్క పూలతో నిండి కనబడితే మనసాగలేదు. తెచ్చి నాటాను. కుండీకి వేలాడుతున్న చీటీ మీద "జోన్ 5" అని ఉంది. ఆ చీటీ ఏం చెబుతోందో చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. మన దగ్గర మొక్క కొంటే అడిగేది కాయ తీపా పులుపా, ఎన్నేళ్లకి కాపుకొస్తుంది అనే కదా.

2019 జనవరి 30 తెల్లవారుజామున మినియాపాలిస్ విమానాశ్రయంలో మైనస్ 28 ఫారెన్‌హీట్ నమోదైంది. అంటే మైనస్ 33 సెల్సియస్. బళ్లు మూసేశారు. ఇంటి గోడల్లోంచి టప్ టప్‌మని చప్పుళ్లు వస్తుంటే పిల్లలు భయపడి మా మంచం మీదికి చేరారు. మేలో ఊరంతా చిగురించినా మా పీచ్ మోడుగానే ఉంది. గోటితో బెరడు గీకి చూస్తే కింద పచ్చగా ఉండాల్సిన పొర గోధుమరంగుకి తిరిగి ఉంది. ఇంకో అడుగు కిందికి గీకాను, అక్కడా అంతే. నేల దాకా అంతే.

అప్పుడు కూర్చుని ఆ జోన్ సంగతి చదివాను. ఏడాదిలో అతి చల్లటి రాత్రి ఎంత చల్లగా ఉంటుందో చాలా ఏళ్ల సగటు తీసి అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని పట్టీలుగా విడగొట్టింది. అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. ఒక్కో అంకెలో ఎ, బి అని రెండు సగాలు, ఎ ఇంకా చల్లనిది. మేం కొన్నప్పటి పటంలో మాది 4బి. 2023 నవంబర్లో వచ్చిన కొత్త పటంలో మా చుట్టుపక్కల చాలాభాగం 5ఎలోకి మారింది. కానీ అది సగటు మాత్రమే. 2019 నాటి ఆ ఒక్క రాత్రి, పాత పటంలో మాకు రాసిపెట్టిన హద్దు కంటే కూడా కిందికి దిగింది. అందుకే పటం మారినా నేను ఈరోజుకీ 4కి తట్టుకునే మొక్కే కొంటాను.

మా అదృష్టం ఏమిటంటే, చలికి తట్టుకునే పండ్ల కోసం నూటయాభై ఏళ్లకు పైగా పంతం పట్టిన నేల మీద ఇల్లు కొనుక్కున్నాం. మా ఇంటికి కారులో పావుగంట దూరంలో మినటోంకా చెరువు ఒడ్డున ఎక్సెల్సియర్ అనే చిన్న ఊరుంది. పీటర్ గిడియన్ అనే ఆయన 1850లలో అక్కడికొచ్చి ఆపిల్ చెట్లు పెట్టాడు. చలికాలాలకి పోయాయి. మళ్లీ పెట్టాడు, మళ్లీ పోయాయి. చివరికి మెయిన్ రాష్ట్రం నుంచి తెప్పించిన గింజల్లోంచి మొలిచిన ఒక చెట్టు నిలబడి, 1868 నాటికి మంచి పండునిచ్చే రకం చేతికొచ్చింది. దానికి భార్య పేరే పెట్టుకున్నాడు, వెల్తీ అని. ఆ తర్వాత మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1908లో పండ్ల రకాల కోసం ప్రత్యేకంగా ఒక తోట పెట్టింది. ఇప్పుడు అందరూ ఎగబడి కొనే హనీక్రిస్ప్ అక్కడిదే. 1960లో సంకరం చేస్తే 1991లో గానీ విడుదల కాలేదు. మధ్యలో ఒక చలికాలం దెబ్బతిని, కొట్టేయాల్సిన చెట్ల లెక్కలో కూడా చేరింది. చెట్ల విషయంలో ముప్ఫై ఏళ్లంటే ఎంత ఓపికో ఈ లెక్క చూశాకే నాకు అర్థమైంది.

పీచ్ పోయిన ఆ వసంతంలోనే నాలుగు మొక్కలు తెచ్చాం. హారల్‌సన్ ఆపిల్ ఒకటి. 1922లో విడుదలైన పాత రకం, పులుపెక్కువ, గట్టిది. రెండోది జెస్టార్, ఆగస్టు చివరికే పండే ఆపిల్. ఆపిల్‌కి తన రకం పుప్పొడి పనికిరాదు, వేరే రకం చెట్టు దగ్గర్లో ఉండాలి, అందుకే రెండు. మిగతావి సుపీరియర్, టోకా అనే ప్లమ్ చెట్లు. సుపీరియర్ కాయ పెద్దది, రసం మోచేతి దాకా కారుతుంది, కానీ టోకా లాంటి వేరే రకం పక్కన లేకపోతే కాయదు. మరుసటేడు నార్త్ స్టార్ అనే పుల్ల చెర్రీ కూడా చేరింది. అది ఒంటరిగానే కాస్తుంది.

నాటడంలో నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ తిరగబడింది. మనం మొక్క చుట్టూ పాదు లోతుగా తీస్తాం, నీళ్లు నిలవాలని. మాది బంకమట్టి. పాదులో నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి, చలికాలం అదే నీరు మొదలు చుట్టూ గడ్డకడుతుంది. పక్కింటి పెద్దాయన కంచె మీదుగా చూసి, గొయ్యి వెడల్పు చెయ్యి, లోతు తగ్గించు అన్నారు. ఆయనకి డెబ్భై దాటాయి, పెరట్లో పదకొండు ఆపిల్ చెట్లున్నాయి. అంటు కట్టిన బుడిపె నేలకి నాలుగు వేళ్ల పైన ఉండాలని, గొయ్యి తీసిన మట్టే తిరిగి వేయాలని, ఎరువు అసలు వద్దని ఆయనే చెప్పారు. పైన చెక్కపొట్టు పరిచి, కాండానికి మాత్రం తగలకుండా చుట్టూ జానెడు ఖాళీ వదిలాను.

అక్టోబరులో పూల దుంపలు నాటాను. ఇది కూడా నాకు కొత్తే. చలి రాకముందు పాతిపెట్టి, ఆరు నెలలు మంచు కింద మరిచిపోవాలి. దుంప ఎత్తుకి మూడింతల లోతు. డాఫోడిల్స్, తులిప్స్, క్రోకస్, నీలం రంగు స్కిల్లా. తులిప్ మొగ్గలు కుందేళ్లు ఒక్క రాత్రిలో కొరికేశాయి. డాఫోడిల్‌ని జంతువులు సాధారణంగా ముట్టవు, అందులో విషముంది. ఇప్పుడు మా పెరట్లో డాఫోడిల్స్ మాత్రమే వందకి పైగా ఉన్నాయి. స్కిల్లా అందంగానే ఉంటుంది గానీ ఇక్కడి అడవుల్లోకి పాకి ఇక్కడి మొక్కల చోటు లాక్కుంటోందని తెలిశాక ఇక కొత్తగా వేయలేదు.

2020 వసంతం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎవరూ ఇల్లు కదిలింది లేదు. నేను మాత్రం ఆ ఏడాదే వసంతమంటే ఏమిటో దగ్గరగా చూశాను. మార్చి 25న ఉగాదినాడు పెరట్లో మంచు ముద్దలు ఇంకా మిగిలే ఉన్నాయి. పచ్చడిలోకి వేపపువ్వు మా అమ్మ ఎండబెట్టి పంపింది. ఏప్రిల్ మొదట్లో మంచు కరిగిన చోటల్లా క్రోకస్, తర్వాత స్కిల్లా, నెలాఖరుకి పసుపురంగు ఫోర్సిథియా, డాఫోడిల్స్. మే మొదటి వారంలో ప్లమ్ చెట్లు. ఆకు రాకముందే కొమ్మంతా తెల్లగా, వాసనకి దగ్గరికి వెళ్లకుండా ఉండలేం. ప్లమ్ రాలుతుండగా ఆపిల్ మొగ్గ గులాబీరంగు తిరుగుతుంది. ఆపిల్ విచ్చాక లైలాక్. ఒకదాని వెనక ఒకటి, అయిదు వారాల్లో అన్నీ అయిపోతాయి. మనకి సంక్రాంతి నుంచి ఉగాది దాకా నింపాదిగా నడిచే పూల కాలాన్ని ఇక్కడ ఒక్క గుక్కలో తాగేయాలి.

ప్లమ్ నిండా పూసి ఉండగా మే రెండో వారంలో చలి మళ్లీ వచ్చింది. రాత్రికి మైనస్ 3 అన్నారు. మైనస్ 33 తట్టుకునే చెట్టుకి మైనస్ 3 ఒక లెక్కా అనుకున్నాను. పెద్దాయన ఫోన్ చేసి, "చెట్టుకేం కాదు, పువ్వు పోతుంది" అన్నారు. చలికి తట్టుకునే చెట్టు అంటే తట్టుకునేది దాని కొయ్య, దాని నిద్ర. శరదృతువులో చలి మెల్లగా పెరుగుతుంటే చెట్టు కణాల్లో చక్కెరలు కూడబెట్టుకుని, నీటిని సర్దుకుని గట్టిపడుతుంది. వసంతంలో మొగ్గ కదిలిన ప్రతి మెట్టుకీ ఆ గట్టిదనం కొంచెం కొంచెం వదులుకుంటుంది. ఆపిల్ మొగ్గ కొన వెండిలా మెరిసే దశలో మైనస్ 9 దాకా పెద్దగా నష్టం లేదు. పువ్వు పూర్తిగా విచ్చాక మైనస్ 2 దాటితే పదింట ఒక పువ్వు, మైనస్ 4 దగ్గరికి వెళ్తే పదింట తొమ్మిది పోతాయి. నెలన్నరలో ఇంత తేడా. మా ఊళ్లో పూత మీదున్న మామిడికి మంచు పట్టిందంటే రైతు ముఖం ఎందుకు మాడిపోయేదో ఆ రాత్రి నాకు తెలిసొచ్చింది.

మధ్యాహ్నమే పాదు తడిపాను. తడి నేల పగటి వేడిని బాగా పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. కప్పడానికి ఇంట్లో ఉన్న దుప్పట్లు చాలలేదు. పెట్టె తీసి పాత నేత చీరలు నాలుగు తెచ్చాను, అమ్మవి, మెత్తబడిపోయినవి. మా వారు నిచ్చెన పట్టుకున్నారు. "ఏమండీ, అంచు నేలకి ఆనాలి, కింద గాలి దూరకూడదు" అంటూ రాళ్లు పెట్టించాను. వేడి వచ్చేది నేలలోంచే కాబట్టి కప్పు గుడారంలా నేల దాకా దిగాలి. కాండానికి చుట్టి కట్టేస్తే ఏమీ ప్రయోజనం ఉండదు. పెద్దాయన పాత రకం క్రిస్మస్ బల్బుల దండ ఇచ్చారు, వేడెక్కే రకం. ఈ కాలం ఎల్‌ఈడీలు వెలుగే ఇస్తాయి గానీ వేడి ఇవ్వవు. చీరల లోపల ఆ దండ వేలాడదీస్తే పెరట్లో మంగళగిరి అంచుల మీదుగా ఎర్రటి వెలుగు. పిల్లలు కిటికీ దగ్గర్నించి కదల్లేదు.

రెండు చెట్లలో టోకాని పూర్తిగా కప్పగలిగాం. సుపీరియర్ పైకొమ్మలు అందలేదు. పొద్దున ఎండ వచ్చాక చీరలు తీసి, రెండింటి నుంచీ ఇరవయ్యేసి పూలు కోసుకుని వంటింటి బల్ల మీద కూర్చున్నాను. రేకలన్నీ తెల్లగా తాజాగానే ఉన్నాయి. పైకి చూస్తే ఏ పువ్వు బతికిందో ఏది పోయిందో తెలీదు. గోటితో మధ్యకి చీల్చాలి. అడుగున గసగసాలంత పిందె ఉంటుంది. అది లేత పచ్చగా మెరుస్తూ ఉంటే బతికున్నట్టు, నల్లబడితే పోయినట్టు. కప్పిన చెట్టువి పదహారు పచ్చగా ఉన్నాయి. కప్పని కొమ్మలవి పదకొండు నల్లబడ్డాయి. నల్ల పిందె చుట్టూ ఆ తెల్లటి రేకలు ఇంకో మూడు రోజులు నవ్వుతూనే ఉన్నాయి.

ఆ ఏడాది ప్లమ్ పళ్లు రెండు బుట్టలకి పైగా వచ్చాయి. సగం పూత పోయినా చెట్టుకి కావాల్సింది అందులో పదో వంతే. అసలు పూసినవన్నీ నిలిస్తే కొమ్మలు విరుగుతాయి. ఈ లెక్క తెలిశాక అలాంటి రాత్రులకి భయం కాస్త తగ్గింది.

తర్వాత రెండేళ్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. చెర్రీ కాపుకొచ్చింది. పుల్ల చెర్రీతో పప్పు చేస్తే చింతకాయ పప్పుకి దగ్గరగా వస్తుంది, చేసి చూడండి, గింజ తీయడం ఒక్కటే శ్రమ. 2021లో హారల్‌సన్ తొలి కాయలు ఏడు. ఆపిల్‌లో పురుగు పడకుండా ఇక్కడి ఇళ్లలో పిందె ఉసిరికాయంత కాగానే జిప్ సంచి తొడిగి, కింది మూలలు కత్తిరించి నీరు కారేలా చేస్తారు. మందు కొట్టక్కర్లేదు. గుత్తికి ఒక కాయే ఉంచి మిగతావి తుంచేయడం నాకు మొదట్లో చేతులాడలేదు. జానెడుకొక కాయ అని పెద్దాయన పక్కన నిలబడి తుంచించారు.

2022-23 చలికాలం ఇక్కడివాళ్లు ఇంకా చెప్పుకుంటారు. మినియాపాలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో 90 అంగుళాల మంచు పడింది, నమోదైన చరిత్రలో మూడోది. చెట్ల మొదళ్లకి రెండడుగుల ఎత్తున ఇనుప వల చుట్టి ఉంచాను, కుందేళ్ల కోసం, ఎలుకల కోసం. నిశ్చింతగా ఉన్నాను. కానీ మంచు ఆ వలని ముంచేసి ఇంకా పైకి లేచింది. మంచు గట్టిపడితే కుందేలుకి అదే నేల. ఆ నేల మీద నిలబడి, తినడానికి ఇంకేమీ దొరక్క, అవి వల పైన ఉన్న మెత్తటి బెరడుని తిన్నాయి. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, గొయ్యిలా దిగిన మంచు మధ్య చెట్టు సగమే కనబడుతోంది కాబట్టి పోల్చుకోలేకపోయాను.

ఏప్రిల్ రెండో వారంలో ఎండలు ఒక్కసారి విరుచుకుపడి నాలుగైదు రోజుల్లో మంచంతా పోయింది. అప్పుడు చూశాను. హారల్‌సన్ కాండం మీద, మోకాలికి పైన, జానెడు మేర బెరడు చుట్టూతా లేదు. తెల్లటి కొయ్య, దాని మీద జంట పళ్ల గాట్లు వరసగా, ఉలితో చెక్కినట్టు. వేలు పెట్టి చుట్టూ తిప్పాను, ఎక్కడైనా సన్నటి పట్టీ మిగిలిందేమోనని. వేలెడంత వెడల్పు మిగిలినా చెట్టు బతికేది. ఏమీ లేదు.

నాన్నగారికి వీడియోలో చూపించాను. కాసేపు మాట్లాడలేదు. "చుట్టూ తినేసిందా అమ్మా?" అన్నారు. అవునన్నాను. "ఈ ఏడు పూస్తుంది. వచ్చే ఏడు ఉండదు."

అదెలా అని అడిగితే ఆయన చెప్పింది ఇది. వేరు నుంచి నీళ్లు పైకెక్కేది కొయ్యలోంచి. కొయ్య బాగానే ఉంది కాబట్టి ఆకు వస్తుంది, పువ్వు వస్తుంది. ఆకు వండిన తిండి కిందికి దిగేది బెరడు లోపలి పొరలోంచి. ఆ దారి తెగిపోయింది. వేళ్లు నిల్వ ఉన్నది తింటూ కొన్నాళ్లు నీళ్లు పంపుతాయి, తర్వాత ఆకలితో చచ్చిపోతాయి. పైన ఉన్న కొమ్మలకి ఆ సంగతి తెలీదు.

దారి వేయాలంటే వంతెన అంటు కట్టాలి. గాయానికి కింద ఉన్న బతికిన బెరడుకీ పైన ఉన్న బెరడుకీ మధ్య పుల్లలు అతికించడం. నాన్నగారు మామిడికి ఆ పని ఎప్పుడూ చేయలేదు, అక్కడ కుందేళ్ల బాధ లేదు. కానీ అంటు సూత్రం ఒకటే. దానికి నిద్రలో ఉన్న పుల్లలు కావాలి, మొగ్గ కదలనివి. ఏప్రిల్లో ఎక్కడ దొరుకుతాయి? పక్కింటి పెద్దాయన ఫ్రిజ్ తలుపు తీశారు. వెన్న పక్కనే తడి కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి, ఫిబ్రవరిలో కోసిన ఆపిల్ పుల్లలు. ఏ రకమైనా ఫర్వాలేదు, ఆపిల్ అయితే చాలన్నారు.

వెంటనే కట్టకూడదు. చెట్టులో రసం కదిలి, బెరడు కొయ్య నుంచి చెమ్మగా విడివడే రోజు కోసం ఆగాలి. ఆ రెండు మూడు వారాలు గాయం ఎండిపోకుండా తడి గుడ్డ చుట్టి పైన ప్లాస్టిక్ కట్టాను. మే మొదటి వారంలో కత్తి మొన పెడితే బెరడు ఉడికిన బంగాళాదుంప తొక్కలా లేచింది. ఆ రోజు కట్టాను.

ఫోన్ని నిచ్చెనకి ఆనించాను. అక్కడ రాత్రి పదిన్నర, నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు. ముందు గాయం అంచులు పచ్చటి బెరడు దాకా నున్నగా కోసేయమన్నారు. తర్వాత పుల్ల. పెన్సిలంత లావు, గాయం కంటే నాలుగు వేళ్లు ఎక్కువ పొడుగు. రెండు చివర్లూ ఏటవాలుగా, ఒకవైపు పొడుగ్గా, వెనకవైపు పొట్టిగా చీలలా చెక్కాలి. "కత్తి ఒక్కసారే లాగు. ఆ కోత అద్దంలా ఉండాలి. రెండోసారి గీకావంటే గతుకు పడుతుంది, గతుకులో గాలి ఉంటుంది, గాలి ఉన్నచోట పట్టదు." చిన్నప్పుడు ఆయన ఇంకొకరికి ఈ మాట చెప్పగా విన్నాను. నాకు చెప్పడం అదే మొదటిసారి.

పుల్ల తలకిందులు కాకూడదు. చెట్టు మీద ఏ కొన పైకి ఉండేదో ఇక్కడా అదే పైకి ఉండాలి, లేకపోతే పట్టినా ఎదగదు. మొగ్గల వాలు చూసి ఒక్కోదాని పైకొనకి పిల్లల ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకున్నాను. కింది బెరడులో నిలువు గాటు పెట్టి, పొర లేపి, చెక్కిన కొనని లోపలికి దూర్చాను. పొడుగు కోత కొయ్యకి ఆనేలా. సన్నటి మేకుతో బిగించాను. పైకొన కూడా అంతే, కాకపోతే పుల్ల కొంచెం విల్లులా బయటికి వంగి ఉండాలి, గాలికి చెట్టు ఊగినప్పుడు అంటు ఊడిపోకుండా. కాండం మణికట్టు లావే కాబట్టి మూడు పుల్లలు. చివరికి అతుకులన్నిటికీ మైనం పూశాను.

రెండో పుల్ల దగ్గర చెయ్యి వణికింది. కోత వంకర వచ్చింది. ఇంకోటి తీసుకుందామంటే సరిపడా పొడుగు పుల్లలు మిగల్లేదు. మళ్లీ ఒకసారి గీకి సరిచేశాను. నాన్నగారి వైపు నెట్ తెగి బొమ్మ ఆగిపోయి ఉంది అప్పుడు.

పది రోజులకి హారల్‌సన్ పూసింది. అంతకు ముందెన్నడూ అంత పూయలేదు. దెబ్బతిన్న చెట్టు విరగబూస్తుందని మా ఊళ్లో అంటారు, చూడటం అదే మొదలు.  గులాబీ మొగ్గలు, తెల్లటి పూలు, బంబుల్ బీలు పొద్దున చలిలోనే లేచి వచ్చి వాలుతున్నాయి. ఆ చెట్టు కింద నిలబడి, నిచ్చెనేసుకుని, ఒక్క పువ్వు మిగలకుండా తుంచేశాను. కాయకి పోయే బలం అతుకుకి పోవాలి. రెండు సాయంత్రాలు పట్టింది. నా చిన్నకూతురు కింద బుట్ట పట్టుకుని నిలబడింది. "అమ్మా, దీనికి నొప్పా?" అని అడిగింది. నొప్పి తగ్గడానికే అని చెప్పాను. ఆ రేకలు గిన్నెలో నీళ్లు పోసి దేవుడి దగ్గర పెట్టాం.

జూన్‌లో మొదటి పుల్ల మీద మొగ్గ పచ్చబడింది. పట్టిందన్నమాట. ఆ మొగ్గని గిల్లేశాను, పుల్ల కొమ్మగా మారకూడదు, దారిగానే ఉండాలి. మూడోదీ పట్టింది. రెండోది ఎండి ముడుచుకుపోయింది. రెండు చాలన్నారు పెద్దాయన.

ఆ శరత్తులో వల నాలుగడుగులకి పెంచాను. తెల్లటి కవచం కూడా కాండాలన్నిటికీ చుట్టాను. ఫిబ్రవరిలో వాలు ఎండ మంచు మీద పడి తిరిగి కొట్టి నైరుతి వైపు బెరడుని వేడెక్కిస్తుంది, పొద్దు వాలగానే అది గడ్డకట్టి నిలువునా పగులుతుంది. తెలుపు ఆ ఎండని తిప్పికొడుతుంది. తీరా చూస్తే 2023-24 చలికాలం ఇక్కడ నమోదైన వాటన్నిట్లోకీ వెచ్చనిది. మంచే సరిగ్గా పడలేదు, కుందేళ్లకి గడ్డి దొరికింది, వల జోలికి ఏదీ రాలేదు. ఆపిల్ మాత్రం ఎప్పటికంటే ముందే పూసింది. ముందు పూస్తే నాకు సంతోషం లేదు, ప్రతి రాత్రీ ఫోన్లో ఉష్ణోగ్రత చూసుకుంటూ పడుకున్నాను. ఆ అక్టోబరులో హారల్‌సన్ నలభై రెండు కాయలిచ్చింది. కొన్నిటితో ఆవ పెట్టాను. పులుపు గట్టిగా ఉండి ముక్క మెత్తబడదు, ఆవకాయకి ఇక్కడ దొరికే మామిడి కంటే నాకు ఇదే నచ్చింది.

2025 ఏప్రిల్ చివర అమ్మా నాన్నగారూ వచ్చారు. విమానం దిగి ఇంటికొచ్చాక నాన్నగారు టీ కూడా తాగకుండా పెరట్లోకి నడిచారు. మొగ్గల కొనలు అప్పుడే వెండిరంగు తిరుగుతున్నాయి. చెట్టు ముందు గొంతుకూర్చుని వల విప్పించారు. రెండు వంతెనలు బొటనవేలంత లావయ్యాయి, పైనా కిందా కాండంలో కలిసిపోయి, అతుకు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది గానీ కంటికి తెలీదు. రెంటినీ పైనుంచి కిందికి తడిమారు. తర్వాత మధ్యలో రెండో పుల్ల ఉన్న చోట, ఎండిన ముక్క ఇంకా మేకుకి అంటుకుని ఉంటే, దాని మీద వేలు ఆపారు.

"ఇది రెండుసార్లు గీకావు కదూ."

అవునన్నాను. ఆయన ఇంకేం అనలేదు. కంచె అవతల నుంచి పెద్దాయన చెయ్యి ఊపారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అరగంట తర్వాత చూస్తే ఇద్దరూ ఫ్రిజ్ ముందు నిలబడి, తడి కాగితం విప్పి, పుల్లలు ఒక్కోటి వెలుతురుకి పట్టి చూసుకుంటున్నారు. ఒక సంచి మీద హనీక్రిస్ప్ అని రాసుంది. నాన్నగారు నాకేసి చూసి, "కత్తి ఎక్కడ పెట్టావమ్మా?" అన్నారు.

హారల్‌సన్ తూర్పు కొమ్మకి ఆ సాయంత్రమే మూడు అంట్లు కట్టారు. నేను పట్టీలు కోసి ఇచ్చాను.